నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కోవాలా?

విశాఖపట్నం మధురవాడ నుంచి ఓ పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, అపార్ట్‌మెంట్ వివరాలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తున్నాం.

ఆమెకు 41 ఏళ్లు, తండ్రికి 67. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం భార్య పోయాక గోపాలపట్నంలో ఇల్లు అద్దెకిచ్చేసి కూతురి దగ్గరికి వచ్చారు. పొద్దున్నే కూతురూ అల్లుడూ ఆఫీసులకి, మనవడు కాలేజీకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆయనకి తోడు ఫోనే. యూట్యూబ్‌లో ఒక వీడియో అవగానే ఇంకొకటి, మధ్యమధ్య వాట్సాప్. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈ నెలలో రెండు సంగతులు జరిగాయి.

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా మన ఏరియాలో దిగిందంటూ ఒక వీడియో, దానికి తోడు ఒక వాయిస్ మెసేజ్ ఆయన అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. మర్నాడు దుప్పట్లు అమ్ముకునే కుర్రాణ్ని వాచ్‌మన్, ఇంకో నలుగురు గేటు దగ్గర పట్టుకుని, మూట విప్పించి, చెంప మీద కొట్టారు. ఎవరో 112కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి విడిపించారు. ఆ సాయంత్రం ఈమె గ్రూపులోనే "నాన్నా, అది ఫేక్. దయచేసి ఇలాంటివి పెట్టొద్దు" అని రాశారు. దాని కింద అల్లుడు నవ్వే బొమ్మలు పెట్టారు. పెద్దాయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. కూతురితో మాటలు ఆపేశారు.

తర్వాత నాలుగు రోజులకి, ఆయన షుగర్, బీపీ మాత్రలు 20 రోజులుగా వేసుకోవడం లేదని తెలిసింది. వీడియోలో చెప్పిన నంబరుకి 4,800 రూపాయలు పంపి ఏదో పొడి తెప్పించుకున్నారు. అడిగితే, "నువ్వేటి డాక్టరువా? నాకు బాగానే ఉంది" అన్నారు.

ఉత్తరంలో ఇంకో మాట ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఆమె అమ్మానాన్నలు ఉండేది దగ్గర్లోనే, గోపాలపట్నంలో. ఆ వీధిలో ఉండే స్నేహితుడు ఫోన్‌లో చెప్తేనే ఆయన భార్యను లేపి స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్లిపోయారు. "ఫోనే మమ్మల్ని కాపాడింది" అని ఇప్పటికీ అంటారట.

ఆమె అడుగుతున్నవి ఇవి: ఫోన్ తీసుకుని బటన్ ఫోన్ ఇచ్చేయమంటున్నారు మావారు. తాతయ్య నిద్రపోయాక యూట్యూబ్ తీసేస్తానంటున్నాడు మా అబ్బాయి. ఏది మంచిది? గ్రూపులో నాన్న తరఫున నేను క్షమాపణ చెప్పనా? కేసవుతుందా? మాత్రలు ఎలా వేయించాలి?

సమాధానం

ముందు మాత్రల సంగతి. మిగతావి వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

షుగర్ 250 దాటినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. బీపీ 170 ఉన్నా అంతే. కాబట్టి "నాకు బాగానే ఉంది" అని మీ నాన్నగారు అన్నప్పుడు ఆయన అబద్ధమాడడం లేదు. మీరు వీడియో తప్పని వాదిస్తే ఆయన తన ఒంటినే సాక్ష్యంగా చూపిస్తారు, అక్కడ మీరు గెలవలేరు. అందుకే వీడియో ఊసెత్తకండి. ఆయన చదివి నమ్మే సాక్ష్యం ఒకటుంది, మీటరు రీడింగు. జీవితమంతా దాన్ని నమ్మే పనిచేశారు.

ఇవాళే ఇంట్లో బీపీ చూడండి. మిషన్ లేకపోతే చేతికి, అంటే మోచేతిపైన, పట్టీ కట్టేది కొనండి. మణికట్టుకి కట్టే రకం వద్దు, చెయ్యి కాస్త కిందామీదా అయితే లెక్క మారిపోతుంది. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ పుస్తకంలో రాయాలి. రాసేది ఆయనే కావాలి. 180/120 దగ్గరికి వస్తే, ఇబ్బంది ఏమీ లేకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏదున్నా 108. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు కాబట్టి ఇంట్లో కూర్చుని చూద్దామనే మాట వద్దు.

మీటరు బాగానే చూపించినా ఈ రెండు రోజుల్లో డాక్టర్‌ని కలవాల్సిందే. పరగడుపు షుగర్, భోజనం తర్వాత షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ ఒక్కటే చేయించి అది ఫర్వాలేదని ఊరుకోవద్దు. అది సుమారు మూడు నెలల సగటు చెప్తుంది, 20 రోజుల తేడా అందులో పూర్తిగా కనపడదు. పాత మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని మీరే మొదలుపెట్టించకండి. ఏ డోసుతో మళ్లీ మొదలుపెట్టాలో ఫోన్ చేసి డాక్టర్‌నే అడగండి. బీపీ మాత్ర పేరు చివర 'లాల్' అని ఉంటే, అంటే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివైతే, ఆ ఫోన్ ఇవాళే చేయండి. వాటిని ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగిరే ప్రమాదం ఉంది. ఆ పొడి పొట్లం కూడా తీసుకెళ్లండి. షుగర్ తగ్గించే పొడులంటూ అమ్మేవాటిలో అల్లోపతి మందులే కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. పొడి మీద మాత్ర పడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మాత్ర పొడి చేసి పెరుగన్నంలో కలుపుదామని ఎవరైనా చెప్తారు. వద్దు. కొన్ని మాత్రలు నలిపితే నెమ్మదిగా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారే లోపలికి పోతుంది. పైగా ఆయనకి తెలిసిన రోజున మీ చేతి అన్నం మీదే అనుమానం మొదలవుతుంది.

డాక్టర్‌తో ముందే ఒక మాట అనుకోండి, ఆయన్ని మందలించొద్దని. "ఆ వీడియోలో ఏం చెప్పారు సార్?" అని అడిగి, పుస్తకంలో రీడింగులు చూసి మాట్లాడే డాక్టర్ అయితే పని సగం అయినట్టే. డయాబెటిస్ నయం చేస్తామని మందు ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరమని ఆ డాక్టర్ నోటి నుంచి వింటే నాన్నగారికి వేరుగా వినిపిస్తుంది. ఆ నంబరు నుంచి 'కోర్సు పూర్తి చేయాలి' అంటూ ఇంకా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ఖాతాలోంచి చెప్పకుండా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక గ్రూపు. ఇక్కడ దెబ్బ తిన్నది ఇద్దరు, దుప్పట్ల కుర్రాడు, మీ నాన్నగారు. ముందు ఆ కుర్రాడి గురించి చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అతని ప్రస్తావన ఒక్క పేరాతో అయిపోయింది. అతనికి జరిగింది చిన్నది కాదు. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రెయిన్‌పాడాలో ఇలాంటి పుకారే అయిదుగుర్ని బలి తీసుకుంది. అదే నెలలో బీదర్ జిల్లాలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని జనం కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. ఆ రోజుల్లో బాగా తిరిగిన వీడియోల్లో ఒకటి, బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో పిల్లాణ్ని ఎత్తుకుపోయేది, నిజానికి పాకిస్తాన్‌లో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపి, ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి పంచారు. ఇలాంటి వీడియో చూపించి "ఎక్కడ కత్తిరించారో చూడండి" అంటే మీ నాన్నగారికి చప్పున అర్థమవుతుంది.

కేసు సంగతి క్లుప్తంగా చెప్తాను. భయం, అల్లర్లు పుట్టించే పుకార్ల మీద భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశం లేకుండా పంచినవాళ్లకి అదే సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది. ఇక సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్ బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది, మీ సెక్రటరీ కంగారు పడుతుంటే ఈ మాట చెప్పండి. కొట్టినవాళ్ల సంగతి వేరు, అది దాడి. పోలీసులు పిలిస్తే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పడమే. ఫోన్‌లో మెసేజ్‌లు తుడిచేయొద్దు. పిలుపు వస్తే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి.

క్షమాపణ మీరు చెప్పాలా అంటే, చెప్పొచ్చు. గొడవ సద్దుమణుగుతుంది. కానీ ఇంటి పెద్ద తరఫున కూతురు గ్రూపులో తప్పు ఒప్పుకుంటే ఆయన ఇక ఆ లిఫ్టులో ఎవరి మొహమూ చూడలేరు. ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆ వీడియో ఇంకా ఎవరి ఫోన్‌లోనో తిరుగుతూనే ఉంటుంది, రేపు ఇంకొకడు దెబ్బలు తింటాడు. మూడో దారి, ఆయనే రాయడం. కాస్త ఆలస్యమవుతుంది, కానీ నా మొగ్గు దీనికే. సెక్రటరీతో మాట్లాడి మళ్లీ గ్రూపులో చేర్పించండి. నాలుగు లైన్లు చాలు: "పిల్లల ముఠా గురించి నేను పెట్టిన వీడియో మన ఊరిది కాదు. సరిచూడకుండా పెట్టాను. దానివల్ల ఒక అబ్బాయికి దెబ్బలు తగిలాయి, దానికి చింతిస్తున్నాను. ఎవరికైనా పంపి ఉంటే ఈ మాట కూడా వాళ్లకి పంపండి." పాత పోస్టుని 'అందరికీ డిలీట్' చేసే వీలు సుమారు రెండున్నర రోజులే ఉంటుంది, మీకది దాటిపోయింది. అడ్మిన్ మాత్రం గ్రూపులోంచి ఇప్పుడైనా తీసేయగలరు. ఆ కుర్రాడు మళ్లీ మీ వీధికి వస్తే నాన్నగారు తనంతట తాను కలవడం అన్నిటికంటే మేలు. పాడైన సరుకు ఖరీదు అపార్ట్‌మెంట్ తరఫున ఇవ్వడం న్యాయం.

దీనికంటే ముందు ఒక పని మీరు, మీవారు చేయాలి. ఆయన్ని నలుగురిలో సరిదిద్దారు, నవ్వారు. "నాన్నా, చెప్పిన విషయం సరే, గ్రూపులో చెప్పడం నాది తప్పు" అని మీరు, నవ్వు బొమ్మల గురించి మీవారు విడిగా చెప్పాలి. ఇది అవ్వకుండా ఆయన చేత ఏదీ రాయించలేరు. ఇకమీదట ఆయన పెట్టింది తప్పనిపిస్తే ఫోన్ చేయండి, లేదా ఆయనకొక్కరికే పంపండి.

ఇప్పుడు ఫోన్. బటన్ ఫోన్ ఇస్తే పుకార్లు ఆగుతాయి, నిజమే. దాంతోపాటు ప్లాంట్ స్నేహితుల గ్రూపు పోతుంది, మనవడి వీడియో కాల్స్ పోతాయి, యూపీఐ యాప్ పోతుంది, ఏటా పెన్షన్‌కి ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ మొహం చూపించి ఇంట్లోంచే ఇచ్చే సౌకర్యం పోతుంది. భార్య పోయిన మనిషికి పగలంతా మిగిలేది టీవీ. అక్కడ సాయంత్రం చర్చల అరుపులు దీనికంటే ఏం మెరుగు? ఇక నిద్రలో యూట్యూబ్ తీసేయడం. పొద్దున్నే తెలిసిపోతుంది, ఫోన్‌కి లాక్ పడుతుంది, మనవడి మీద నమ్మకం పోతుంది. పక్కింటాయన రెండు నిమిషాల్లో మళ్లీ వేసి ఇస్తారు.

ఆయన పక్కన కూర్చుని, ఆయన వేలితోనే చేయించండి. అందుకు ఒక కారణం చెప్పాలి, ఆ కారణం నిజమైనది కావాలి. యూట్యూబ్‌లో ఛానెల్‌కి ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ చేసేవాళ్లకి లెక్క వేరు. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. "ఆ ఒక్క ఆకు పేరు చివర్లో చెప్తాను, వీడియో స్కిప్ చేయకండి" అని ఎందుకు సాగదీస్తారో ఇక చెప్పక్కర్లేదు. నాన్నగారితో కలిసి అలాంటి వీడియో ఒకటి పెట్టి, ఆకు పేరు ఎన్నో నిమిషంలో వచ్చిందో గడియారం చూసి రాయమనండి. ఎంతసేపు చూశాం అన్నది యూట్యూబ్ లెక్కలో బాగా బరువున్న అంకె. నమ్మి చూశారా, తిట్టుకుంటూ చూశారా అనేది దానికి చాలావరకు ఒకటే.

తర్వాత సెట్టింగులు. ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ఆల్ హిస్టరీ'కి వెళ్లి పాతదంతా తుడిచేయండి. మందుల ఛానెళ్ల సబ్‌స్క్రిప్షన్లు తీసేయండి, గంట గుర్తు కూడా. ఆటోప్లే ఆపేయండి. మళ్లీ అలాంటి వీడియో వస్తే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'డోంట్ రికమెండ్ ఛానెల్' ఎంచుకోవాలి. 'నాట్ ఇంటరెస్టెడ్' కంటే ఇది గట్టిగా పనిచేస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, వారంలో మళ్లీ అవే వచ్చి చేరతాయి, 'ఇదంతా దండగ' అనుకుంటారు. ఖాళీ చేసిన చోట ఆయనకి ఇష్టమైనవి నింపాలి. రెండు వారాలపాటు తప్పెటగుళ్లు, పాత పాటలు, మోటార్ రివైండింగ్, ఏది ఇష్టమైతే అది ఆయనే వెతికి చివరిదాకా చూడాలి. అప్పుడే ఎదురుగా వచ్చేవి మారతాయి.

వాట్సాప్‌లో ప్రైవసీ కింద గ్రూప్స్ దగ్గర 'మై కాంటాక్ట్స్' పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చలేరు. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి, వీడియో తెరవాలంటే ఒకసారి నొక్కాల్సి వస్తుంది, ఆ ఒక్క క్షణం చాలా మేలు చేస్తుంది. మెసేజ్ మీద రెండు బాణాలు, 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అని ఉంటే అది చాలా చేతులు మారి వచ్చింది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. అది చూడగానే ఆగడం అలవాటు చేయండి.

ఆగి ఏం చూడాలి? మీ ఉత్తరంలోనే దానికి జవాబుంది. ఆ మే 7 తెల్లవారుజామున మీ నాన్నగారికి కబురు చెప్పింది ఆయనకి తెలిసిన మనిషి, ఆ వీధిలోనే ఉండి, తన కళ్లతో చూసింది చెప్పాడు. ఆ రాత్రే మళ్లీ గ్యాస్ లీకైందన్న మాట పాకి జనం అర్ధరాత్రి పిల్లాపాపలతో రోడ్ల మీదకి వచ్చారు. అలాంటిదేమీ లేదు, భయపడొద్దని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. ఒకే రోజు, అదే ఫోను. తేడా ఒక్కటే, పొద్దున కబురు చెప్పింది ఎవరో తెలుసు, తిరిగి ఫోన్ చేసి అడగొచ్చు. రాత్రి కబురు ఎవరు చూశారంటే చెప్పేవాళ్లు లేరు. ఈ తేడా ఆయనకి వృత్తిలోనూ తెలుసు. ప్లాంట్‌లో "లైన్ ఆఫ్ చేశారట" అని ఎవరో అంటే ఆయన మోటారు మీద చెయ్యి వేసేవారా? పర్మిట్ మీద సంతకం చూసి, టెస్టర్ పెట్టి చూసుకునేగా ముట్టుకునేది. ఫార్వర్డ్ దగ్గర కూడా అదే అడగమనండి: ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు, నేను ఫోన్ చేసి అడగొచ్చా? ఇది మీరు కొత్తగా నేర్పేది కాదు కాబట్టి ఆయనకి చిన్నతనం ఉండదు. ఫొటోలకి, అవి ముందు ఎక్కడ వచ్చాయో వెతికి చూపించే గూగుల్ లెన్స్, తుపాను కబుర్లకి మన ఊళ్లోనే ఉన్న వాతావరణ శాఖ హెచ్చరికల కేంద్రం బులెటిన్, దొంగలూ ముఠాల కబుర్లకి స్థానిక పోలీస్ స్టేషన్. "నాన్నా, ఇది నిజమో కాదో చూసి చెప్పండి" అని మీరే అప్పుడప్పుడు ఒక ఫార్వర్డ్ ఆయనకి పంపండి. ముందుగా కబురు తెలిసినవాడనే గౌరవం ఆయనకి కావాలి. దాన్ని సరిచూసి చెప్పేవాడనే గౌరవంగా మార్చవచ్చు.

పగటి ఖాళీ మాత్రం సెట్టింగులతో నిండదు. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, మోటార్లు, జనరేటరు ఉంటాయి కదా. గొడవ చల్లారాక, జనరేటర్ డీజిల్, మోటార్ల సర్వీసు, లిఫ్టు మెకానిక్ వచ్చిన తేదీ ఇవన్నీ రాసే పుస్తకం ఆయనకి అప్పగించమని సెక్రటరీని అడగండి. రాయడం, చూడడం వరకే, ఈ వయసులో కరెంటు పని చేతపట్టొద్దు. వారానికోసారి గోపాలపట్నం పాత స్నేహితుల దగ్గరికి వెళ్లి రావడం కూడా మళ్లీ మొదలవ్వాలి. అద్దె వసూలుకనైనా సరే.

చివరగా ఒక సంగతి మీరు గమనించి చూడాలి. జాగ్రత్తగా ఉండే మనిషి ఉన్నట్టుండి తెలియనివాళ్లకి డబ్బు పంపడం, అడిగిందే అడగడం, తెలిసిన దారి తప్పడం, లెక్కల్లో తడబడడం కనిపిస్తే అది ఫోన్ వ్యవహారం కాకపోవచ్చు, మతిమరుపు జబ్బు మొదలవుతూ ఉండొచ్చు. నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే రెండేళ్లనాటి దుఃఖం డిప్రెషన్‌గా మారి ఉండొచ్చు. మొదటిదానికి న్యూరాలజీ డాక్టర్, రెండోదానికి మానసిక వైద్యుడు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో చూపించవచ్చు, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వెళ్లేలోగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా తెలుగులో ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ మార్పు ఎప్పటినుంచి చూశారో తేదీలతో రాసుకుని వెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.